ట్రైలర్ ఎలక్ట్రిక్ బ్రేకులు, బ్యాటరీ: పనిచేసే తీరు, పరీక్షించుకునే పద్ధతి

ట్రైలర్ చక్రాల్లోని ఎలక్ట్రిక్ బ్రేకులకు కరెంటు రెండు వేరు వేరు దారుల్లో అందుతుంది. డ్రైవరు బ్రేకు తొక్కినప్పుడు లాగే వాహనం బ్యాటరీ నుంచి బ్రేక్ కంట్రోలర్ మీదుగా వెనక్కి వచ్చేది మొదటి దారి. నడుస్తున్న ట్రైలర్ వాహనం నుంచి ఊడిపోయినప్పుడు, ట్రైలర్ మీదే అమర్చిన బ్యాటరీ నుంచి బ్రేక్‌అవే స్విచ్ ద్వారా నేరుగా అందేది రెండో దారి. రెండూ చివరికి చేరేది అవే అయస్కాంతాలకు కాబట్టి, బ్రేకు తొక్కగానే ట్రైలర్ చక్కగా నెమ్మదిస్తుంటే వ్యవస్థ అంతా బాగున్నట్టేనని చాలామంది యజమానులు నమ్ముతారు. నిజానికి అక్కడ తేలేది మొదటి దారి సంగతి మాత్రమే. రెండో దారిలో బ్యాటరీ ఎన్నాళ్ళ క్రితమో చెడిపోయి ఉన్నా, స్విచ్ లోపల తుప్పు పట్టి ఉన్నా, రోజువారీ ప్రయాణంలో ఆ లోపం బయటపడే అవకాశమే లేదు. అందువల్ల ఈ రెండింటినీ విడివిడిగా అర్థం చేసుకోవాలి, విడివిడిగానే పరీక్షించుకోవాలి.

ఇక్కడ చెప్పేదంతా 12 వోల్టులతో నడిచే డ్రమ్ బ్రేకుల గురించి. ఉత్తర అమెరికాలోనూ ఆస్ట్రేలియాలోనూ నివాస ట్రైలర్లకు, సరుకు ట్రైలర్లకు ఎక్కువగా వాడేవి ఇవే. ఐరోపాలో తేలికపాటి ట్రైలర్లకు, ముందుకు నెట్టుకొచ్చే బరువుతోనే పనిచేసే యాంత్రిక బ్రేకులు ఎక్కువ. భారీ లారీల వెనుక ఉండే ట్రైలర్ల గాలి బ్రేకులు పూర్తిగా వేరే వ్యవస్థ.

ముందు డ్రమ్ లోపల జరిగేది చూద్దాం. చక్రంతో పాటు తిరిగే డ్రమ్ లోపల, తిరగకుండా ఇరుసుకు బిగించిన పలక మీద రెండు బ్రేక్ షూలు, వాటిని విడదీసే ఒక లీవరు, ఆ లీవరు కింది చివర ఒక విద్యుదయస్కాంతం ఉంటాయి. అయస్కాంతం ముఖం డ్రమ్ లోపలి చదునైన ఇనుప తలాన్ని ఎప్పుడూ తేలికగా ఆనుకునే ఉంటుంది. తీగచుట్టలో కరెంటు ప్రవహించగానే అయస్కాంతం ఆ తలానికి గట్టిగా అతుక్కుంటుంది. తలం తిరుగుతోంది కాబట్టి అయస్కాంతాన్ని కూడా తనతో పాటు కొంచెం దూరం ఈడ్చుకుపోతుంది. అలా లీవరు వంగి, దాని పై చివర ముందు షూను డ్రమ్‌కేసి నెడుతుంది. డ్రమ్‌ను తాకిన ముందు షూ తానే డ్రమ్‌తో పాటు కదలబోయి, కింద ఉన్న లంకె ద్వారా వెనుక షూను మరింత బలంగా నెడుతుంది. అంటే ట్రైలర్‌ను ఆపే శక్తిలో ఎక్కువ భాగం తిరుగుతున్న చక్రం నుంచే వస్తుంది, కరెంటు చేసేది ఆ శక్తిని మేల్కొలిపి అదుపు చేయడమే. కొన్ని ఆంపియర్ల కరెంటు టన్నుల బరువును ఆపగలగడానికి కారణం ఇదే.

ఈ అమరిక నుంచి ఆచరణలో గుర్తుంచుకోవలసిన రెండు విషయాలు పుడతాయి. మొదటిది, చక్రం తిరగకపోతే అయస్కాంతం అతుక్కుంటుందే తప్ప లీవరును కదిలించే శక్తి ఏదీ ఉండదు. కాబట్టి నిలిపి ఉంచిన ట్రైలర్‌కు ఎలక్ట్రిక్ బ్రేకును పార్కింగ్ బ్రేకులా వాడడం తప్పు. బ్రేక్‌అవే స్విచ్‌లోని పిన్ లాగి (పిన్ లాగితే ట్రైలర్ బ్యాటరీ నుంచి బ్రేకులకు కరెంటు వెళుతుంది) ట్రైలర్‌ను వాలులో నిలబెట్టేవారు బ్యాటరీని ఖాళీ చేసుకోవడమే కాక, అయస్కాంతాల తీగచుట్టలను వేడెక్కించి పాడుచేసుకుంటారు. నిలిపినప్పుడు చక్రాలకు ముందూ వెనకా అడ్డుదిమ్మలు పెట్టడమే సరైన పద్ధతి. రెండోది, ఈ బ్రేకులు ముందుకు కదిలే దిశకు అనువుగా చేసినవి. వెనక్కి నడిపేటప్పుడు వాటి పట్టు స్పష్టంగా తగ్గుతుంది.

ఇక మొదటి దారి. లాగే వాహనంలో డ్రైవరుకు అందేచోట ఉండే కంట్రోలర్, బ్యాటరీ నుంచి వచ్చే 12 వోల్టులను అతివేగంగా కలుపుతూ తెంచుతూ, ఆ స్పందనల వెడల్పును పెంచి తగ్గించడం ద్వారా అయస్కాంతాలకు అందే సగటు కరెంటును నిర్ణయిస్తుంది. సాదా రకం కంట్రోలర్ బ్రేకు లైటు వెలగగానే మొదలై, వాహనం ఎంత గట్టిగా ఆగుతోందన్నది పట్టించుకోకుండా ముందుగా అమర్చిన స్థాయి వరకు నెమ్మదిగా పెంచుకుంటూ పోతుంది. అనుపాత రకం కంట్రోలర్ లోపల వేగం తగ్గుదలను కొలిచే సెన్సర్ ఉంటుంది. వాహనం ఎంత వేగంగా నెమ్మదిస్తే ట్రైలర్‌కు అంత కరెంటు పంపుతుంది. ఖర్చు కొంత ఎక్కువైనా రెండో రకాన్నే ఎంచుకోమని నా సలహా. ట్రాఫిక్‌లో మెల్లగా ఆగేటప్పుడు కుదుపు లేకపోవడం, అత్యవసరంలో ఆలస్యం లేకపోవడం రెండూ దానితోనే సాధ్యం.

కంట్రోలర్‌కు కరెంటు ఇచ్చే వైరును వాహనపు బ్యాటరీ నుంచి నేరుగా తీసుకుని, బ్యాటరీ దగ్గరే సర్క్యూట్ బ్రేకర్ పెట్టాలి. రెండు లేదా నాలుగు బ్రేకులకు 20 ఆంపియర్లది, ఆరు లేదా ఎనిమిది బ్రేకులకు 30 ఆంపియర్లది వాడడం సాధారణం. ఇక్కడ మామూలు ఫ్యూజ్ కంటే తనంతట తాను మళ్ళీ కలుసుకునే బ్రేకరే మేలు, ఎందుకంటే ఒక్క క్షణం షార్ట్ అయినందుకు ఫ్యూజ్ కాలిపోతే ఆ ప్రయాణంలో మిగిలిన దూరమంతా ట్రైలర్‌కు బ్రేకులు లేనట్టే.

కంట్రోలర్ మీద ఉండే చేతి మీటను బ్రేకు పెడల్‌తో సంబంధం లేకుండా ట్రైలర్ బ్రేకులను మాత్రమే వేయడానికి వాడతారు. దారిలో ట్రైలర్ అటూ ఇటూ ఊగడం మొదలుపెడితే, వాహనం బ్రేకు తొక్కకుండా యాక్సిలరేటర్ నుంచి కాలు తీసి, ఈ మీటను మెల్లగా నొక్కాలి. వెనుక నుంచి లాగిపట్టినట్టయి ట్రైలర్ మళ్ళీ సూటిగా వస్తుంది. చేయి చూడకుండానే మీట దగ్గరకు వెళ్ళేలా కంట్రోలర్‌ను అమర్చుకోవడం ఇందుకే ముఖ్యం.

కంట్రోలర్‌లో పట్టు స్థాయిని ఖాళీ మైదానంలాంటి చదునైన, పొడిగా ఉన్న చోట సరిచేసుకోవాలి. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళుతూ చేతి మీటను పూర్తిగా నొక్కి చూడండి. ట్రైలర్ చక్రాలు బిగిసి ఈడ్చుకుపోతే స్థాయి తగ్గించాలి, నెమ్మదించడం అంతంతమాత్రంగా ఉంటే పెంచాలి. చక్రాలు బిగుసుకునే స్థాయికి కొద్దిగా కిందే ఆపాలి. బరువు మారినప్పుడల్లా ఈ అమరిక కూడా మారాలి. నిండు బరువుకు సరిపోయిన అమరికతో ఖాళీ ట్రైలర్‌ను లాగితే తడి రోడ్డు మీద చక్రాలు బిగిసిపోతాయి.

ట్రైలర్ బ్రేకుల మీద వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం అయస్కాంతాలూ కంట్రోలరూ కాదు, వాటి మధ్యనున్న వైర్లు. 10, 12 అంగుళాల డ్రమ్‌లలోని అయస్కాంతం నిరోధం సుమారు 3.2 ఓములు. చల్లగా ఉన్నప్పుడు దానికి సరిగ్గా 12 వోల్టులు అందితే ఓమ్ నియమం ప్రకారం 3.75 ఆంపియర్లు లాగాలి. వైర్లలో నష్టం, తీగచుట్ట వేడి కలిసి ఆచరణలో ఒక్కొక్కటి 3 ఆంపియర్ల దగ్గర ఉంటుంది. రెండు ఇరుసుల ట్రైలర్‌లో నాలుగు అయస్కాంతాలకు 12 ఆంపియర్లు. ఇప్పుడు కంట్రోలర్ నుంచి ఇరుసు వరకు 10 మీటర్లు ఉందనుకుందాం. కరెంటు వెళ్ళి తిరిగి రావాలి కాబట్టి వైరు పొడవు 20 మీటర్లు. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు నిరోధం మీటరుకు దాదాపు 0.012 ఓములు. 20 మీటర్లకు 0.24 ఓములు, 12 ఆంపియర్లకు దాదాపు 2.9 వోల్టులు దారిలోనే పోతాయి. అదే 4 చదరపు మిల్లీమీటర్ల వైరు వాడితే నష్టం 1.1 వోల్టులకు దిగుతుంది. కంట్రోలర్ మార్చి, అయస్కాంతాలు మార్చి, చివరకు విసిగిపోయే ముందు ఈ లెక్క ఒకసారి వేసుకోవడం మంచిది.

లెక్కలో తిరుగు ప్రయాణాన్ని కూడా కలిపినందుకు కారణం ఉంది. హిచ్ బంతి (వాహనం వెనుక ట్రైలర్‌ను తగిలించే గుండు), కప్లర్ (దాని మీద కూర్చునే ట్రైలర్ కొస) ఇనుమే కదా, ఎర్త్, అంటే కరెంటు తిరిగి వచ్చే దారి, వాటి గుండానే ఉంటుందిలే అని వదిలేసే అలవాటు చాలాచోట్ల ఉంది. గ్రీజు, తుప్పు, దుమ్ము మధ్యలో ఉన్న ఆ కలయికను ఒక విద్యుత్ జాయింటుగా నమ్మకూడదు. వాహనం వైర్లను ట్రైలర్ వైర్లకు కలిపే ఏడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్‌కు ప్రత్యేకంగా ఒక మందపాటి వైరు ఉంటుంది. దాన్ని రెండు వైపులా శుభ్రమైన లోహానికి బోల్టుతో బిగించాలి. ఉత్తర అమెరికా ప్లగ్గుల్లో సాధారణంగా తెలుపు ఎర్త్‌కు, నీలం బ్రేకులకు, నలుపు బ్యాటరీ ఛార్జింగుకు వాడతారు. అయితే రంగులను పూర్తిగా నమ్మవద్దు. పాత ట్రైలర్లలో చేతులు మారినకొద్దీ వైర్ల రంగులూ మారిపోయి ఉంటాయి, కాబట్టి ప్రతి పిన్నునూ మీటరుతో చూసుకున్నాకే కలపాలి. ఇరుసు గొట్టం లోపలి నుంచి ఒక చక్రం దగ్గరకు పోయే వైరు మరో బలహీన స్థానం. గతుకుల్లో గొట్టం లోపలే రాసుకుని తొడుగు అరిగి, తడిసినప్పుడో బరువెక్కినప్పుడో మాత్రమే షార్ట్ అయ్యే ఈ లోపాన్ని పట్టుకోవడం చాలా కష్టం. కొత్త వైరును గొట్టం పైనుంచి, రక్షణ తొడుగుతో నడిపించడమే దానికి శాశ్వత పరిష్కారం.

రెండో దారి గురించి కొంచెం ఎక్కువగా చెప్పాలి, ఎందుకంటే నిర్లక్ష్యం జరిగేది ఇక్కడే. ట్రైలర్ ముందు భాగంలో చిన్న స్విచ్ ఉంటుంది, దానిలో ఒక ప్లాస్టిక్ పిన్ గుచ్చి ఉంటుంది, పిన్నుకు సన్నని ఉక్కు కేబుల్ కట్టి ఉంటుంది. ట్రైలర్ విడిపోతే కేబుల్ పిన్నును లాగేస్తుంది, స్విచ్ లోపలి స్పర్శలు కలుస్తాయి, ట్రైలర్ బ్యాటరీలోని పూర్తి వోల్టేజీ కంట్రోలర్‌తో నిమిత్తం లేకుండా అయస్కాంతాలకు చేరుతుంది. కేబుల్ కొసను వాహనం చట్రానికి నేరుగా తగిలించాలి. దాన్ని హిచ్ బంతి ఉన్న కడ్డీకి తగిలిస్తే, ఆ కడ్డీయే ఊడివచ్చిన రోజున కేబుల్, పిన్, ట్రైలర్ మూడూ కలిసే వెళ్ళిపోతాయి, పిన్ మాత్రం ఊడదు. భద్రతా గొలుసుకు కట్టడం కూడా తప్పే. మలుపుల్లో లాగకుండా తగినంత వదులు ఉండాలి, కానీ నేలను రాసుకునేంత పొడవు ఉండకూడదు.

అమెరికా ఫెడరల్ వాణిజ్య వాహన నిబంధనల ప్రకారం విడిపోయిన ట్రైలర్ బ్రేకులు తమంతట తాము పడి, కనీసం 15 నిమిషాలు పడే ఉండాలి. ఈ అంకెను బ్యాటరీ పరిమాణంతో కలిపి చూస్తే ఆలోచించవలసిన విషయం బయటపడుతుంది. నాలుగు అయస్కాంతాలు 12 ఆంపియర్లు లాగితే పావుగంటకు 3 ఆంపియర్ అవర్లు ఖర్చవుతాయి. బ్రేక్‌అవే కిట్లలో సాధారణంగా వచ్చే మూత వేసిన లెడ్ యాసిడ్ బ్యాటరీ 5 ఆంపియర్ అవర్లది కాబట్టి సరిపోతుందనిపిస్తుంది. కానీ ఆ 5 అన్న అంకె 20 గంటల పాటు, అంటే పావు ఆంపియరు చొప్పున మెల్లగా వాడినప్పటిది. లెడ్ యాసిడ్ బ్యాటరీ నుంచి కరెంటు ఎంత వేగంగా లాగితే దాని నుంచి దక్కే మొత్తం అంత తగ్గుతుంది. అంత చిన్న బ్యాటరీ నుంచి 12 ఆంపియర్లు లాగుతుంటే కొత్తదానికే మిగులు ఉండదు, రెండు మూడేళ్ళ పాతదాని సంగతి చెప్పనక్కర్లేదు. మూడు ఇరుసుల ట్రైలర్‌కైతే పావుగంటకు 4.5 ఆంపియర్ అవర్లు కావాలి, దానికి ఈ చిన్న బ్యాటరీ ఏ విధంగానూ చాలదు. అందువల్ల చిన్న బ్యాటరీని ఒక ఇరుసు ట్రైలర్లకే పరిమితం చేసి, మిగతావాటిలో ట్రైలర్ లోపలి దీపాలకు, ఫ్రిజ్జుకు వాడే పెద్ద బ్యాటరీ నుంచే బ్రేక్‌అవే స్విచ్‌కు కరెంటు ఇవ్వడం మంచిదని నా అభిప్రాయం.

అలా ఇచ్చేటప్పుడు ఒక జాగ్రత్త తప్పనిసరి. ట్రైలర్‌ను నిలిపి ఉంచినప్పుడు బ్యాటరీ ఖాళీ కాకుండా ఒక మెయిన్ స్విచ్ పెట్టుకోవడం మామూలే. బ్రేక్‌అవే వైరు ఆ స్విచ్‌కు తర్వాత కాకుండా ముందే, బ్యాటరీ వైపునే ఉండాలి. లేకపోతే మెయిన్ స్విచ్ కట్టేసి బయలుదేరిన ప్రతిసారీ అత్యవసర బ్రేకు కూడా లేకుండానే బయలుదేరినట్టు.

బ్యాటరీ ఛార్జింగుకు ప్లగ్గులోని నల్ల వైరు ఉంది కదా అనుకోవచ్చు. 5 ఆంపియర్ అవర్ల బ్యాటరీని నిండుగా ఉంచడానికి అది చాలు. పెద్ద బ్యాటరీని నింపడానికి మాత్రం చాలదు. 3.3 చదరపు మిల్లీమీటర్ల వైరులో, రానూపోనూ 20 మీటర్ల దూరంలో, 20 ఆంపియర్లు పంపాలని చూస్తే 2 వోల్టులకు పైగా దారిలోనే పోతాయి, ఆల్టర్నేటర్ 14.2 వోల్టులు ఇచ్చినా అవతలి కొసన 12.1 మాత్రమే మిగిలితే బ్యాటరీ నిండదు, అందుకే కరెంటు దానంతట అదే కొద్ది ఆంపియర్లకు పడిపోతుంది. పైగా ఇప్పటి వాహనాల్లో చాలావాటి ఆల్టర్నేటర్లు తమ సొంత బ్యాటరీ నిండగానే వోల్టేజీని తగ్గించేస్తాయి. ట్రైలర్‌లో డీసీ డీసీ ఛార్జర్ (తగ్గి వచ్చిన వోల్టేజీని బ్యాటరీ నిండడానికి కావలసిన స్థాయికి పెంచే పరికరం) పెట్టి, దానికి వాహనం బ్యాటరీ నుంచి మందపాటి వైరును వేరుగా తెచ్చుకోవడం ఈ రెండు ఇబ్బందులకూ జవాబు. ఇంజిను ఆపినప్పుడు ట్రైలర్ పరికరాలు వాహనం బ్యాటరీని తినేయకుండా ఐసొలేటర్ రిలే ఉండాలి. చాలా డీసీ డీసీ ఛార్జర్లు ఆ పని కూడా చేస్తాయి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ అయితే 0 డిగ్రీల సెల్సియస్ కంటే చల్లగా ఉన్నప్పుడు ఛార్జ్ చేయకూడదు. ఛార్జింగు వైరుకు రెండు కొసలా బ్యాటరీలున్నాయి కాబట్టి ఫ్యూజులు కూడా రెండు కొసలా, బ్యాటరీలకు వీలైనంత దగ్గరగా ఉండాలి.

ఇక పరీక్షలు. ముందు ప్లగ్గును వాహనం నుంచి తీసేయండి. ప్లగ్గు తగిలించి ఉండగా బ్రేక్‌అవే పిన్ లాగితే ట్రైలర్ బ్యాటరీ వోల్టేజీ నీలం వైరు గుండా వెనక్కి వెళ్ళి కంట్రోలర్‌ను పాడుచేయగలదు. చక్రాలకు అడ్డుదిమ్మలు పెట్టి, ఒక వైపు చక్రాన్ని జాకీతో లేపి, చేత్తో ముందుకు తిప్పుతూ ఉండగా మరొకరు పిన్ లాగాలి. చక్రం గట్టిగా పట్టేయాలి. ఇలా ప్రతి చక్రాన్నీ చూడాలి. పిన్ బయట ఉన్నంతసేపూ బ్యాటరీ టెర్మినళ్ళ మీద వోల్టేజీ గమనించండి. లెడ్ యాసిడ్ బ్యాటరీ విశ్రాంతిలో 12.6 నుంచి 12.7 వరకు ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే దాదాపు సగం. అయితే విశ్రాంతి వోల్టేజీ ఒక్కటే చూసి తృప్తిపడకూడదు. బాగా పాతబడిన బ్యాటరీ కూడా 12.6 చూపించి, కరెంటు లాగడం మొదలవగానే కూలిపోతుంది. పిన్ లాగిన కొన్ని సెకన్లలోనే వోల్టేజీ వేగంగా జారిపోతుంటే ఆ బ్యాటరీని మార్చాల్సిందే. లిథియం బ్యాటరీలో వోల్టేజీ చాలాసేపు దాదాపు ఒకేలా నిలిచి ఉంటుంది గనుక దాని మిగులు తెలుసుకోవడానికి కరెంటును లెక్కపెట్టే మానిటర్ కావాలి. పరీక్ష అర నిమిషం దాటనవసరం లేదు. పిన్నును పూర్తిగా లోపలికి నొక్కి, చక్రం మళ్ళీ స్వేచ్ఛగా తిరుగుతోందని నిర్ధారించుకోండి.

మొదటి దారి పరీక్షకు ప్లగ్గు తగిలించి, నీలం వైరు వరుసలో అమ్మీటరు పెట్టి, కంట్రోలర్‌ను పూర్తి స్థాయికి పెంచి చేతి మీట నొక్కాలి. మామూలు మల్టీమీటర్లు చాలావరకు 10 ఆంపియర్లకే పనికొస్తాయి కాబట్టి, నాలుగు బ్రేకుల ట్రైలర్‌కు వైరును తెంచకుండా దాని చుట్టూ పట్టి కొలిచే డీసీ క్లాంప్ మీటరు వాడడం సురక్షితం. తక్కువ స్థాయిల్లో కంట్రోలర్ ఇచ్చేది తెగి తెగి వచ్చే కరెంటు గనుక మీటరు అంకె నిలకడగా ఉండదు. పూర్తి స్థాయిలోనే కొలవాలి. నాలుగు బ్రేకులకు 12 ఆంపియర్లకు దగ్గరగా చూపితే మంచిదే. 9 దగ్గర ఉంటే ఒక అయస్కాంతానికి కరెంటు అందడం లేదు, 6 దగ్గర ఉంటే ఒక ఇరుసు మొత్తానికి అందడం లేదని అనుమానించవచ్చు. అన్ని చక్రాలకూ కరెంటు కొంచెం కొంచెం తగ్గినట్టుంటే ఎర్త్ జాయింటును, ప్లగ్గు పిన్నులను చూడాలి. ఉండవలసిన దానికంటే ఎక్కువ ఉంటే ఎక్కడో షార్ట్ ఉంది. అప్పుడు అయస్కాంతాలను ఒక్కొక్కటిగా విడదీసి, వైరుకూ అయస్కాంతపు ఇనుప శరీరానికీ మధ్య నిరోధం కొలవాలి. ఏ మాత్రం సంబంధం చూపినా అది చెడిపోయినట్టే.

కరెంటు సరిగ్గా ఉండి కూడా బ్రేకు పట్టకపోతే లోపం యాంత్రికమైనది. డ్రమ్ విప్పి చూడండి. అయస్కాంతం ముఖం సమంగా అరిగి ఉండాలి. ఒక పక్కే అరిగినా, తీగచుట్ట రాగి కనిపిస్తున్నా ఆ ఇరుసుకు రెండు వైపులా మార్చాలి, ఒక వైపే మారిస్తే ట్రైలర్ పక్కకు లాగుతుంది. హబ్ సీల్ పోయి గ్రీజు షూల లైనింగులకు (డ్రమ్‌ను రాసుకునే పొరలకు) అంటితే వాటిని కడిగి వాడుకోవాలని చూడవద్దు, మార్చేయండి. షూల సందును పలక వెనుక చిన్న కిటికీ గుండా పళ్ళ చక్రంతో సరిచేయాలి. చక్రం తిప్పడం చాలా కష్టమయ్యే వరకు బిగించి, తర్వాత లైనింగు తేలికగా రాసుకుంటూ చక్రం తిరిగే వరకు వదులు చేయాలి. కొత్త షూలు వేశాక మొదటి 320 కిలోమీటర్లకు ఒకసారి, ఆ తర్వాత సుమారు 4,800 కిలోమీటర్లకు ఒకసారి ఈ పని చేయాలి. కొత్త లైనింగులు డ్రమ్‌కు సర్దుకోవడానికి గంటకు 65 కిలోమీటర్ల నుంచి 30 కిలోమీటర్లకు తగ్గేలా 20 నుంచి 30 సార్లు, మధ్యలో చల్లారనిస్తూ బ్రేకు వేయాలి. అప్పటి వరకు కంట్రోలర్ తుది స్థాయిని నిర్ణయించవద్దు, ఎందుకంటే సర్దుకున్నాక పట్టు పెరిగి అదే అమరిక ఎక్కువైపోతుంది.

నెలల తరబడి ట్రైలర్‌ను నిలిపి ఉంచాక బయలుదేరేటప్పుడు వరుస ఇలా ఉంటే మంచిది: మొదట బ్యాటరీని రాత్రంతా ఛార్జరు మీద పెట్టి, ఛార్జరు తీసి కొన్ని గంటలు ఆగి వోల్టేజీ చూడండి, తర్వాత ప్లగ్గు తగిలించకుండా పిన్ పరీక్ష చేయండి, ఆపై ప్లగ్గు తగిలించి చేతి మీట పరీక్ష చేయండి. డ్రమ్ లోపలి తలం మీద పట్టిన తుప్పు వల్ల మొదటి కొన్ని బ్రేకులు గరగరలాడుతూ కుదుపుగా పడవచ్చు. రోడ్డెక్కే ముందు తక్కువ వేగంలో మీటతో నాలుగైదుసార్లు బ్రేకు వేస్తే ఆ తుప్పు రాలిపోతుంది. ఆ తర్వాత కూడా ఒక చక్రం పట్టేస్తూ ఉంటే ఆ డ్రమ్ విప్పి చూడకుండా బయలుదేరకండి.